గుర్తించారా, నిర్ధారించారా?

సందేహం: ‘క్లూస్ టీమ్ ఘటనాస్థలిలో రక్తపు మరకలను నిర్ధారించింది’ అని ఒక వార్తలో చదివాను. ‘గుర్తించింది’ అని ఉండాలంటారు మావారు. రెంటికీ తేడా ఉందా? అలాగే ‘రక్తపు మరకలు’ అనాలా, ‘నెత్తుటి మరకలు’ అనాలా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రెండో ప్రశ్న తేలిక కాబట్టి ముందు అది చెబుతాను. రెండూ సరైనవే. నెత్తురు మన సొంత మాట. ఏరు ఏటి, కన్నీరు కన్నీటి అయినట్టే నెత్తురు నెత్తుటి అవుతుంది. రక్తం సంస్కృతం నుంచి వచ్చింది. హడలిపోయిన మనిషి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదంటాం గానీ రక్తపుచుక్క అనం. శిబిరంలో ఇచ్చేది మాత్రం రక్తదానమే. వాడుక అలా స్థిరపడింది. ‘నెత్తుటి నమూనా’ అన్నా కొంపేమీ మునగదు, నమూనా ఎలాగూ పారసీ మాటే.

రక్తం అన్న మాటకు అసలు అర్థం ‘రంగు పట్టినది, ఎర్రబడినది’ అని. పేరులోనే ఎరుపు ఉంది గానీ, ఎండిన మరకలో ఆ ఎరుపు నిలవదు. హిమోగ్లోబిన్ గాలికి మారిపోయి మరక ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. పాతబడితే నల్లగానూ కనిపిస్తుంది. పోనీ ఎర్రగా ఉన్నదల్లా రక్తమా అంటే అదీ కాదు. ఒక ఆదివారం పొద్దున్నే విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి మలుపు దగ్గర రోడ్డు మీద ఎర్రటి మడుగు కనిపించింది. నా పక్కన నిలబడ్డ పాలబ్బాయి ‘రక్తం సార్’ అని వెనక్కి తగ్గాడు. వంగి చూశాను. మడుగు అంచున పసుపు చార, మధ్యలో పిండేసిన నిమ్మచెక్క. పసుపునీళ్లలో సున్నం కలిపి ఎవరో దిష్టి తీసి పోశారు, అంతే.

ఆ అబ్బాయి చేసింది అనుకోవడం. నిమ్మచెక్కను, పసుపు చారను బట్టి నేను చేసింది గుర్తించడం. గుర్తించడమంటే గుర్తును పట్టుకుని తెలుసుకోవడమే కదా. నిర్ధారించడం ఈ రెండూ కాదు. ఇక సందేహానికి తావు లేకుండా తేల్చడం అది.

నేరస్థలంలో పనిచేసేవాళ్లకు ఈ తేడా ప్రాణం. అక్కడికక్కడ చేసే పరీక్ష ఒకటుంది. మరకను దూదితో అద్ది, దాని మీద ఫినాల్ఫ్తలీన్‌తో తయారుచేసిన ద్రావణం ఒక చుక్క, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేస్తారు. రక్తమైతే క్షణాల్లో దూది గులాబీరంగుకు వస్తుంది. కానీ ముల్లంగి జాతి దుంపల రసానికీ అలా రంగు రావచ్చు. కడిగేసిన నేల మీద లూమినాల్ అనే రసాయనం చల్లి దీపాలు ఆర్పితే, మిగిలిన రక్తం జాడ నీలంగా మెరుస్తుంది. అదే మెరుపు బ్లీచింగ్ వల్లా, రాగి వల్లా వస్తుంది. కనుక ఈ పరీక్షలు అనుమానాన్ని బలపరుస్తాయే తప్ప, రక్తమని తేల్చవు. తేల్చడం ల్యాబ్ పని. ముందు అది రక్తమేనా? అయితే మనిషిదేనా? మనిషిదైతే ఎవరిది? మనిషి నెత్తుటినీ జంతువు నెత్తుటినీ వేరుచేసే పరీక్షను జర్మనీ శాస్త్రవేత్త ఉలెన్‌హూత్ 1901లో చూపించాడు. అదే ఏడాది మరో శాస్త్రవేత్త లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపుల సంగతి బయటపెట్టాడు. గ్రూపు కలవకపోతే ఫలానావాడిది కాదని చెప్పొచ్చు, కలిసినంత మాత్రాన వాడిదేనని చెప్పలేం. ఆ కొరత తీర్చింది 1984లో శాస్త్రవేత్త జెఫ్రీస్ కనిపెట్టిన డీఎన్ఏ పద్ధతి. ఎర్రకణాల్లో డీఎన్ఏ ఉండే కేంద్రకం ఉండదు కాబట్టి, ఆ డీఎన్ఏ దొరికేది తెల్లకణాల్లోనే.

ఇప్పుడు మీ వాక్యం చూడండి. ల్యాబ్‌కు పోకముందే ‘నిర్ధారించింది’ అనడం ఒక తప్పు. వాక్యనిర్మాణంలో ఇంకో తప్పుంది. గుర్తించు అనే క్రియకు వస్తువు కర్మగా వస్తుంది: మరకలను గుర్తించారు. నిర్ధారించు అలా కాదు, దానికి తేల్చవలసిన విషయం కావాలి: మరకలు రక్తానివేనని నిర్ధారించారు. ‘మరకలను నిర్ధారించారు’ అంటే మరకల గురించి ఏం తేల్చారని అడగాలనిపిస్తుంది. కాబట్టి మీవారి మాటే సరైనది. నేనైతే మరికాస్త జాగ్రత్తపడి ‘రక్తంగా అనుమానిస్తున్న మరకలను గుర్తించింది’ అని రాస్తాను. అన్నట్టు, నిర్ధారణ అన్న మాటలో ఉన్నది వత్తు ధకారం, నిర్దారణ అని రాయకండి.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. అన్నిటినీ మరకలు అని ఒకే గాట కట్టేయడం నాకు బాధగా ఉంటుంది. తెలుగులో నెత్తురు కారుతుంది, చిందుతుంది, చిమ్ముతుంది, అంటుకుంటుంది. ఇవన్నీ ఒకటి కాదు. గాయం నుంచి కిందికి జారితే కారడం, దెబ్బకు తుంపరలుగా ఎగిరితే చిందడం. ధమని తెగితే గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్ముతుంది. తడిచెయ్యి తలుపుకు తగిలితే అంటుకుంటుంది. నిపుణులు గోడ మీదా నేల మీదా చదివేది సరిగ్గా ఈ తేడాలనే. నిట్టనిలువుగా పడ్డ చుక్క గుండ్రంగా ఉంటుంది, వాలుగా పడ్డదానికి తోక సాగుతుంది, ఆ తోక చూపే వైపే చుక్క వెళ్లింది. ‘గోడ మీద చిందిన చుక్కలు, గుమ్మం దగ్గర ఈడ్చిన చార’ అని విలేకరి రాయగలిగితే పాఠకుడికి జరిగింది కళ్లకు కడుతుంది.

‘రక్తసిక్తం’ కూడా ఇలాగే చేతికొచ్చినట్టు వాడుతున్నారు. సిక్తం అంటే తడిసినది. దొరికిన చొక్కాను నీడన ఆరనిచ్చి కాగితం కవరులో పెడతారు, తడిగా ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పట్టి నమూనా పాడవుతుంది. అలా ఆరి కవరులోకి చేరిన చొక్కాను మర్నాటి పేపరు రక్తసిక్తం అనకూడదు. ‘నెత్తుటి మరకలున్న చొక్కా’ అంటే చాలు, అదీ ల్యాబ్ రిపోర్టు వచ్చాక.