హెచ్‌పీ పెంచితే నీళ్లు పైకొస్తాయా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మోటార్ల గురించే. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ సంగతి కాదు, గట్టు మీద పెట్టి బావిలోంచో కుంటలోంచో సంపులోంచో నీళ్లు తోడే మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకే దిమ్మగా ఉండేది) సంగతి. అందరూ ఎన్ని హెచ్‌పీ కొనాలి అని అడిగారు. నీటి మట్టం నుంచి పంపు దాకా ఎన్ని అడుగులో రాసింది మాత్రం ఒకరిద్దరే. ఆ కొలత లేకుండా నేనే కాదు, ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. తాడుకి రాయి కట్టి బావిలోకి వదిలితే రెండు నిమిషాల పని, షాపుకి వెళ్లే ముందు దయచేసి అది చేయండి.

ప్రశ్న: మాది పాత మోట బావి. గట్టు మీద 5 హెచ్‌పీ మోనోబ్లాక్ ఉంది. సంక్రాంతి దాకా బాగా పోస్తుంది, అప్పుడు నీళ్లు గట్టుకి 18 అడుగుల కింద ఉంటాయి. శివరాత్రి దాటాక 27 అడుగులకు దిగుతాయి. అప్పట్నుంచి ధార సన్నబడుతుంది, పంపులో గులకరాళ్లు వేసి తిప్పినట్టు గరగరమని చప్పుడు వస్తుంది, కొన్నాళ్లకు మొత్తానికే ఆగిపోతుంది. షాపాయన ఏడున్నర హెచ్‌పీ పెట్టమంటున్నాడు. పెట్టమంటారా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: వద్దు. డబ్బులు పోతాయి, నీళ్లు రావు.

పంపు నీళ్లను లాగుతుందని అనుకుంటాం గానీ అది చేసేదల్లా తన లోపల ఒత్తిడి తగ్గించడమే, బావిలో నీళ్ల మీద బయటి గాలి బరువు ఉంటుంది కదా, ఆ గాలే నీళ్లను సక్షన్ పైపులోకి, అంటే బావి నుంచి పంపు దాకా ఉండే పైపులోకి, తోస్తుంది. గాలి అలా నీళ్లను తోయగలిగే ఎత్తు సముద్ర మట్టం దగ్గర సుమారు 34 అడుగులు, అంటే 10.3 మీటర్లు. అదీ లెక్కలో మాత్రమే. పైపులో రాపిడి, ఫుట్‌వాల్వు (ఆ పైపు అడుగున ఉండే వాల్వు) దగ్గర అడ్డు, పంపు నోటి దగ్గర నీళ్లు ఆవిరి కాకుండా ఉండడానికి మిగలాల్సిన ఒత్తిడి, ఇవన్నీ తీసేస్తే చేతికి దక్కేది 20 నుంచి 22 అడుగులు. ఊరు ఎత్తు మీద ఉంటే ఇంకా తగ్గుతుంది, హైదరాబాద్ అంత ఎత్తులో ఉన్న ఊళ్లో రెండడుగుల దాకా పోతుంది. మీ నీళ్లు 27 అడుగుల్లో ఉన్నాయి. అక్కడ ఏడున్నర పెట్టినా ఇరవై పెట్టినా తోసేది అదే గాలి. ఇంకా చెప్పాలంటే పెద్ద పంపు అదే సక్షన్ పైపులోంచి ఎక్కువ నీళ్లు అడుగుతుంది, రాపిడి పెరుగుతుంది, ఇప్పుడున్న దానికంటే ముందే ధార తెగుతుంది.

ఆ గరగర చప్పుడుని తేలిగ్గా తీసుకోవద్దు. ఒత్తిడి బాగా పడిపోయి పంపు లోపల నీళ్లే బుడగలుగా మారి, మళ్లీ ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) మీద పగులుతున్న చప్పుడు అది. అలా ఒక వేసవి నడిపిన పంపు విప్పి చూడండి, ఇంపెల్లర్ రెక్కలు చెదలు తిన్న చెక్కలా గుంటలు పడి ఉంటాయి.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి, బావి లోపల 12 అడుగుల కింద గట్టి అరుగు కట్టించి, లేదా ఇనుప గడ్డర్లు వేసి, పంపుని అక్కడికి దించడం. అప్పుడు వేసవిలో కూడా సక్షన్ 15 అడుగులే, పైకి తోయాల్సిన ఆ 12 అడుగులు మీ 5 హెచ్‌పీకి ఇబ్బంది కాదు, ఎందుకంటే తోయడం పంపు పని, గాలి పని కాదు. కాకపోతే వానాకాలం నీళ్లు పెరిగే ముందు మోటారు పైకి తీయాలి, ఒక్క రాత్రి వాన చాలు మునిగిపోవడానికి. రెండోది, ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ కొని నీళ్లలోనే పెట్టేయడం. ఏటా దించడం, ఎత్తడం మీ ఇంట్లో చేసేవాళ్లు లేకపోతే నేనైతే రెండోదే చెప్తాను.

ఈ సందర్భంలో ఇంకో మాట, మీరు అడగకపోయినా. నీళ్లు అందడం లేదని కొందరు ఆయిల్ ఇంజిన్‌ని బావి లోపలికి దించి నడుపుతారు. ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, గాలి ఆడని బావిలో నిమిషాల్లో మనిషి స్పృహ తప్పుతాడు. పడిపోయిన వాడిని తీయడానికని వెనకే తమ్ముడో కొడుకో దిగుతాడు, వాడూ పడిపోతాడు. ఇలాంటి వార్త చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది. ఇంజిన్ గట్టు మీదే ఉండాలి. ఎవరైనా లోపల పడిపోతే ఇంకొకరు దిగకుండా ఆపి 108కి, ఫైర్ వాళ్లకి 101కి ఫోన్ చేయండి.

ప్రశ్న: పంట కుంట నుంచి మిరప చేనుకి నీళ్లు పెట్టాలి. దూరం 500 అడుగులు. కుంటలో నీళ్ల నుంచి పంపు 10 అడుగుల ఎత్తు, పంపు నుంచి చేను 20 అడుగుల ఎత్తు. 2 హెచ్‌పీ చాలా, 3 తీసుకోవాలా? పైపు 63 ఎంఎం తీసుకుందామనుకుంటున్నాం, ధర తక్కువ.
– అన్నదమ్ములు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు కొలతలన్నీ రాశారు, చాలా సంతోషం. మీ ప్రశ్నకి జవాబు మోటారులో లేదు, పైపులో ఉంది.

సెకనుకి 5 లీటర్లు కావాలనుకుందాం. మీరు చెప్పిన 500 అడుగుల దూరంలో ఆ నీళ్లు 63 ఎంఎం పీవీసీ పైపులో పోతే రాపిడికే సుమారు 28 అడుగుల హెడ్ (పంపు నీళ్లను ఎక్కించగలిగే ఎత్తు) పోతుంది. అంటే చేను ఎత్తుకంటే ఎక్కువ పని పైపు గోడలతో రాసుకోవడానికే చేస్తుంది మీ మోటారు. 75 ఎంఎం వేస్తే అదే నష్టం 11, 12 అడుగులకు పడిపోతుంది. 90 వేస్తే ఐదడుగుల లోపు. ఇప్పుడు కూడండి: ఎత్తులు రెండూ కలిపి 30 అడుగులు, 63 పైపుతో మొత్తం 58, 75 పైపుతో 42. బెండ్లకీ ఫుట్‌వాల్వుకీ ఇంకో రెండు మూడు అడుగులు వేసుకోండి.

హెచ్‌పీ లెక్క కూడా కష్టం కాదు. సెకనుకి లీటర్లను మీటర్లలో ఉన్న మొత్తం హెడ్‌తో గుణించి 75తో భాగించండి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి, ఎందుకంటే చిన్న పంపుల్లో పెట్టిన శక్తిలో సగం దాకా వృథా పోతుంది. 75 పైపుతో హెడ్ 13 మీటర్ల పైచిలుకు, లెక్క 1.8 దగ్గర తేలుతుంది, 2 హెచ్‌పీ సరిపోతుంది. 63 పైపుతో 18 మీటర్లు దాటుతుంది, 3 హెచ్‌పీ కావాలి. పైపు మీద మిగిలిన డబ్బులు మోటారు మీద పెట్టి, ఆ పైన ఉన్నన్నాళ్లూ కరెంటు ఎక్కువ కాల్చుకోవడం దేనికి? 75 వేయండి. సక్షన్ వైపు మాత్రం ఒక సైజు పెద్దది, 90, వేయండి. సక్షన్ పైపు నీళ్ల నుంచి పంపు దాకా ఎక్కుతూనే రావాలి, మధ్యలో ఎక్కడైనా ఒంటె మూపులా లేస్తే అక్కడ గాలి చేరి కూర్చుంటుంది.

కొనేటప్పుడు హెచ్‌పీ ఒక్కటే చూడకుండా నేమ్‌ప్లేటు మీద హెడ్ రేంజ్ చదవండి, మీ 13, 14 మీటర్లు ఆ రేంజ్ మధ్యలో పడాలి, అంచున కాదు. ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, స్టార్ రేటింగ్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. బిగించాక 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూసుకోండి. 40 సెకన్లలో నిండితే సెకనుకి 5 లీటర్లు వస్తున్నట్టు.

ఇంకోటి కూడా తెలిసి ఉండాలి. ఎకరంలో రెండంగుళాల నీళ్లు నిలిపితే 2 లక్షల లీటర్లు. మీ పంపు గంటకి 18 వేల లీటర్లు పోస్తుంది, అంటే ఎకరానికి 11 గంటలు, పగటిపూట ఇచ్చే 9 గంటల కరెంటుకి అది దాటిపోతుంది. డ్రిప్పు పెట్టే ఉద్దేశం ఉంటే ఇప్పుడే చెప్పి దానికి కావాల్సిన ఒత్తిడి కలుపుకుని పంపు ఎంచుకోండి, తర్వాత మార్చడం ఖర్చు.

ప్రశ్న: మా ఇంటికి మూడంతస్తులు, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు. సంపు ఆరడుగుల లోతు. ప్లంబర్ 1 హెచ్‌పీ అంటున్నారు, పక్కింటి వాళ్లు అర హెచ్‌పీతోనే ఎక్కిస్తున్నారు. ఇంకొకటి, మున్సిపల్ నీళ్లు సన్నగా వస్తున్నాయి, కుళాయి లైనుకే మోటారు పెట్టుకోవచ్చా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, సంపు అడుగు నుంచి ట్యాంకు మూత దాకా మీకు 45 అడుగులు, దాదాపు 14 మీటర్లు. రాపిడి కలిపి 16 అనుకోండి. 16 మీటర్ల దగ్గర గంటకి 2 వేల లీటర్లు ఇచ్చే అర హెచ్‌పీ పంపు తీసుకుంటే అరగంటలో ట్యాంకు నిండుతుంది, ఒకటి అక్కర్లేదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే మ్యాక్సిమమ్ హెడ్ చూసి మోసపోకండి, ఆ ఎత్తు దగ్గర పంపు ఇచ్చే నీళ్లు సున్నా. ఏ ఎత్తుకి ఎన్ని లీటర్లో చెప్పే పట్టిక అడగండి. సెల్ఫ్ ప్రైమింగ్ అని రాసి ఉన్నా మొదటిసారి పంపు నిండా నీళ్లు పోయాల్సిందే, ఖాళీగా తిప్పితే సీలు మాడిపోతుంది. స్నానాల గదుల్లో గోడలు తడిగా ఉండే ఇళ్లు మనవి కాబట్టి మోటారుకి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) రెండూ పెట్టించండి.

కుళాయి లైనుకి మోటారు మాత్రం పెట్టొద్దు. నిబంధనలు ఒప్పుకోవు, అంతకంటే ముఖ్యం ఆరోగ్యం. మోటారు లాగినప్పుడు వీధి పైపులో ఒత్తిడి బయటికంటే తగ్గిపోతుంది, పాత జాయింట్ల చిల్లుల్లోంచి పక్కన పారే డ్రైనేజీ నీళ్లు లోపలికి వస్తాయి. అవి మీ పిల్లలే తాగాలి, చివరి ఇంటి వాళ్లకి ఆ నీళ్లు కూడా రావు. లైనుని సంపులోకి వదిలి, సంపు నుంచి ఎక్కించుకోండి.

ప్రశ్న: 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు. కరెంటు రాగానే ఆన్ అయ్యేలా ఆటో స్టార్టర్ పెట్టాను. రెండు నెలల్లో రెండుసార్లు వైండింగ్ కాలింది. ఒక్కోసారి మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు సగమే వస్తాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ బాధ అర్థమైంది, రీవైండింగ్ ఖర్చుకి తోడు పంట ఎండిపోతుంటే ఎవరికైనా అంతే. నీళ్లు సగమే వచ్చే రోజున లైన్లో ఎక్కడో ఫేజులు తారుమారై ఉంటాయి, పంపు వెనక్కి తిరుగుతోంది. వెనక్కి తిరిగినా సెంట్రిఫ్యూగల్ పంపు కొన్ని నీళ్లు పోస్తుంది కాబట్టి మనం గుర్తుపట్టం. పంపు మీద బాణం గుర్తు చూడండి, తేడా ఉంటే మెయిన్ ఆపి ఏవైనా రెండు వైర్లు మార్పించండి.

కాలిపోవడానికి కారణం దాదాపు ఈ మూడిట్లో ఒకటి: ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూ ఉండటం, వోల్టేజి పడిపోయినప్పుడు ఆంప్స్ పెరగడం, ఫుట్‌వాల్వు లీకై పంపు ఖాళీ అయ్యాక ఆటో స్టార్టర్ దాన్ని ఖాళీగానే తిప్పేయడం. మనిషి దగ్గర లేనప్పుడు ఆన్ అయ్యే మోటారుకి సింగిల్ ఫేజ్ ప్రివెంటరు (ఒక ఫేజు పోతే మోటారు ఆపేది), డ్రైరన్ రక్షణ (నీళ్లు లేకపోతే ఆపేది) లేకపోతే అది ఆటో స్టార్టర్ కాదు, ప్రమాదం. ఊళ్లో అందరివీ ఒకేసారి ఆన్ అవుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కసారే భారం పడి వోల్టేజి ఇంకా కుంగుతుంది. కొన్ని నిమిషాలు ఆలస్యంగా ఆన్ అయ్యే టైమరు పెట్టించండి. ఓవర్‌లోడ్ రిలే (భారం మితిమీరితే మోటారు ఆపేది) నేమ్‌ప్లేటు మీది ఆంప్స్‌కే సెట్ చేయాలి, మీ సైజుకి అది 7, 8 దగ్గర ఉంటుంది. మాటిమాటికీ పడిపోతోందని మెకానిక్ దాన్ని పైకి తిప్పితే కాలేది వైండింగే. 2 కేవీఏఆర్ కెపాసిటర్ కూడా బిగించండి. కెపాసిటర్, ఫ్రిక్షన్‌లెస్ ఫుట్‌వాల్వు, పీవీసీ లేదా హెచ్‌డీపీఈ పైపు, ఐఎస్‌ఐ పంపు, ఈ నాలుగూ వ్యవసాయ కనెక్షన్లకి ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచే టారిఫ్ ఉత్తర్వుల్లో ఉన్న షరతులు, కాగితం కోసం కాదు, మన మోటారు కోసమే.

ప్రశ్న: రొయ్యల చెరువు నీళ్లు పక్క డ్రెయిన్‌లోకి తోడటానికి, ఇంట్లో ఉన్న ఎక్కువ హెడ్ పంపు వాడాం. ఎత్తు ఐదడుగులే, అయినా మోటారు కాలిపోయేంత వేడి. పని తక్కువే కదా?
– భీమవరం దగ్గర నుంచి

జవాబు: అందరూ పొరబడేది ఇక్కడే. ఎత్తు తగ్గితే ఈ పంపు విశ్రాంతి తీసుకోదు, విపరీతంగా నీళ్లు పోస్తుంది, దాంతో మోటారు మీద భారం పెరుగుతుంది. ప్రస్తుతానికి డెలివరీ వాల్వు కొంత మూసి, ఆంప్స్ నేమ్‌ప్లేటు లోపలికి వచ్చేదాకా తిప్పండి. అసలు మీ పనికి కావాల్సింది తక్కువ ఎత్తుకి ఎక్కువ నీళ్లు పోసే యాక్సియల్ ఫ్లో లేదా మిక్స్‌డ్ ఫ్లో పంపు. అయితే యాక్సియల్ పంపుని డెలివరీ మూసి స్టార్ట్ చేయకూడదు, మామూలు మోనోబ్లాక్‌కి పూర్తిగా వ్యతిరేకం. మీవి ఉప్పునీళ్లు కాబట్టి ఇంపెల్లర్ పోత ఇనుముది వద్దు, గన్‌మెటల్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలుది అడగండి, పని అయ్యాక మంచినీళ్లతో కడిగి పెట్టండి.

ప్రశ్న: రోజూ పొద్దున్నే పంపులో నీళ్లు పోస్తే గానీ ఎత్తుకోవడం లేదు. పెద్దవాళ్లు పేడ నీళ్లు పోయమంటారు. పనిచేస్తుందా?
– ఒక విద్యార్థి, మహబూబాబాద్ జిల్లా

జవాబు: పనిచేస్తుంది, కొన్ని రోజులు. పేడలోని పీచు ఫుట్‌వాల్వు వాషరు సందులో చేరి లీకు ఆపుతుంది, మీ పెద్దవాళ్లు చెప్పింది ఊరికే కాదు. కానీ వాషరు అరిగిందని అర్థం, కొత్తది వేయించు బాబూ. వాషరు మార్చినా అలాగే ఉంటే సక్షన్ జాయింట్లలో గాలి తీస్తోంది. మా బావి దగ్గర నేను రెండు రోజులు ఫుట్‌వాల్వునే విప్పి బిగించాను, తీరా చూస్తే తప్పు పంపు పక్కనున్న బెండులో ఉంది. పంపు నడుస్తుండగా జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూడు, గాలి తీసే చోట నురగ లోపలికి పోతుంది. ఫుట్‌వాల్వు బావి అడుగుకి ఒకటిన్నర అడుగుల పైన, నీటి మట్టానికి కనీసం రెండడుగుల లోతున ఉండేలా వేలాడదీయి, లేకపోతే కింద బురద, పైన సుడి తిరిగి గాలి, రెండూ పంపులోకి వస్తాయి.