క్వార్టరుకు ఎనిమిది గంటలు
మీ ప్రశ్న, డాక్టర్ జవాబు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34, మియాపూర్‌లో ఉంటాను. నెలకు రెండు శుక్రవారాలు ఫ్రెండ్స్‌తో సిట్టింగ్ ఉంటుంది. ఓ క్వార్టర్ విస్కీ పడిందంటే శనివారం పోయినట్టే. తల బద్దలవుతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, గుండె దడ, వాంతి వచ్చేలా ఉంటుంది కానీ రాదు. నిమ్మరసం, బ్లాక్ కాఫీ, ఆన్‌లైన్‌లో అమ్మే హ్యాంగోవర్ గోలీలు అన్నీ అయ్యాయి. వోడ్కాకి మారమని ఒకడు, బీరు మీద విస్కీ పడకూడదని ఇంకొకడు. అసలు ఏం చేస్తే రాదు?

జవాబు: తక్కువ తాగితే రాదు. ఈ ముక్క కోసం మీరు ఉత్తరం రాయలేదని తెలుసు, అందుకే లెక్క చెప్తాను. మన దగ్గర సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది కదా, ఆ లెక్కన 30 ఎం.ఎల్. పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్. క్వార్టర్ అంటే ఆరు చిన్న పెగ్గులు, 60 గ్రాములు. లివర్ గంటకు ఏడెనిమిది గ్రాములు ఖర్చు చేస్తుంది, కొందరికి పది. మీరేం తిన్నా, ఏం తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ స్పీడు పెరగదు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే అంతా పోయేసరికి తెల్లవారి ఐదు. చిత్రం ఏంటంటే హ్యాంగోవర్ ముదిరేది మందు ఒంట్లో ఉన్నప్పుడు కాదు, రక్తంలో దాదాపు సున్నాకి వచ్చాక. అందుకే రాత్రి రెండింటికి బ్రహ్మాండంగా పాటలు పాడినవాడు పొద్దున ఏడింటికి కర్టెన్ వేయమని బతిమాలతాడు.

వోడ్కా సంగతి కొంత నిజమే. విస్కీ, బ్రాందీ, రమ్ము లాంటి రంగు సరుకులో ఆల్కహాల్‌తో పాటు వేరే పదార్థాలు ఎక్కువ ఉంటాయి, వాటి వల్ల బాధ ఇంకాస్త పెరుగుతుంది. కానీ తెల్లగా ఉంది కదా అని రెండు పెగ్గులు ఎక్కువ లాగిస్తే లెక్క మళ్లీ మొదటికే. బీరు ముందా తర్వాతా అన్నదాన్ని జర్మనీలో 90 మంది మీద, బీరు, వైట్ వైన్‌తో నిజంగానే పరీక్షించి 2019లో ప్రచురించారు. ఏది ముందు తాగినా ఒకటే తలనొప్పి. గోలీల మీద డబ్బు తగలేయకండి. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ వడపోసి, హ్యాంగోవర్‌ను ఆపుతుందని గట్టిగా చెప్పదగ్గది ఒక్కటీ లేదని తేల్చారు. ఆ తర్వాత కూడా గొప్పగా మారిందేమీ లేదు.

మీ చేతిలో ఉన్నది కూర్చునే ముందు భోజనం చేయడం. మంచింగ్ కాదు, భోజనం. పప్పన్నం, గుడ్డుకూర, పెరుగన్నం, ఏదైనా సరే. కడుపు నిండుగా ఉంటే మందు రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. పల్లీలు, మిర్చి బజ్జీలు, మిక్చర్ పని చేయవు, ఆ ఉప్పూకారానికి దాహం వేసి ఇంకో పెగ్గు పడుతుంది, అంతే. అర్ధరాత్రి ఒంటిగంటకు తినే బిర్యానీ కూడా ఆలస్యంగా వచ్చిన చుట్టమే. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య ఓ గ్లాసు మంచినీళ్లు తాగండి. ఒంట్లో నీరు నిలిపే హార్మోన్‌ను మందు అణిచేస్తుంది కాబట్టే అన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తారు. నీళ్లు తాగితే నోరు ఎండటం తగ్గుతుంది, కానీ పుండైన కడుపు, సరిగ్గా పట్టని నిద్ర నీళ్లతో బాగవవు.

పొద్దున్న లేచాక ఉప్పు, కాస్త అల్లం వేసిన పల్చటి మజ్జిగ. వాంతులుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి గుటక గుటకగా తాగండి, గడగడా తాగితే తిరిగి వచ్చేస్తుంది. కొబ్బరినీళ్లు సరే. తినడానికి రెండు ఇడ్లీలో, రాగి జావో, చారన్నమో. నా ఓటు చారన్నానికే, మిరియాలు తగ్గించి. రోజూ కాఫీ తాగే అలవాటుంటే అరగ్లాసు తాగండి, లేకపోతే కాఫీ తాగని తలనొప్పి దీనికి తోడవుతుంది. అలవాటు లేనివాళ్లు కొత్తగా బ్లాక్ కాఫీ మొదలుపెట్టి మండుతున్న కడుపును ఇంకా మండించుకోవద్దు.

ప్రశ్న: పొద్దున్నే ఓ నైంటీ (90 ఎం.ఎల్. మందు) వేస్తే అంతా దిగిపోతుందని మా బాబాయి అంటాడు. ఆయనకు నిజంగానే తగ్గుతోంది. ఎలా సార్? (గుంటూరు)

జవాబు: మీ బాబాయి అబద్ధం చెప్పట్లేదు, తగ్గుతుంది. మళ్లీ మత్తెక్కుతుంది కాబట్టి బాధ తెలియదు, హ్యాంగోవర్ మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది. నాకు అనుమానం వేరే. ఆయన పొద్దున టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడా, చెయ్యి వణికి టీ తొణుకుతోందా, నైంటీ పడ్డాక వణుకు ఆగుతోందా చూడండి. అలా ఉంటే అది హ్యాంగోవర్ కాదు, ఒళ్లు మందుకు అలవాటు పడిపోయి అడుగుతోంది. అప్పుడు ఇంట్లోవాళ్లు సీసా దాచేసి ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనిపోనివి కనపడుతున్నాయని అరవొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తే మందులిచ్చి నెమ్మదిగా మాన్పిస్తారు.

ప్రశ్న: విజయవాడలో ఉంటాను. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి ఒంటిగంటకు ఆపాం, తలో హాఫ్ బాటిల్ విస్కీ. పొద్దున ఎనిమిదికి స్నానం చేసి ఫ్రెష్‌గా బైక్ మీద ఆఫీసుకి వెళ్లొచ్చా?

జవాబు: హాఫ్ అంటే 120 గ్రాముల పైనే. ఎనిమిదింటికి పదకొండు గంటలైంది, లివర్ ఓ 80 గ్రాములు కానిచ్చింది, ఇంకా నాలుగు చిన్న పెగ్గుల సరుకు ఒంట్లోనే ఉంది. చట్టం ఒప్పుకునేది 100 ఎం.ఎల్. రక్తానికి 30 మిల్లీగ్రాములు, మీది దానికి రెట్టింపు దాటి ఉంటుంది. మొదటిసారి దొరికినా పది వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. రాత్రి తాగింది అని చెప్తే పోలీసులు ఊదించే మిషన్ వినదు. మీ లెక్కకి మధ్యాహ్నం ఒంటిగంట దాటాలి. ఆటోలో వెళ్లండి.

ప్రశ్న: మాది నిజామాబాద్. మా ఆయన తాగి వచ్చిన రోజు పొద్దున తలనొప్పి రాకూడదని పడుకునే ముందే రెండు పారాసెటమాల్ గోలీలు వేసుకుంటారు. మంచిదేనా? ఒక్కోసారి ఎంత లేపినా లేవరు, భయమేస్తోంది.

జవాబు: అమ్మా, ఆ అలవాటు మాన్పించండి. పొద్దునకి గోలీ ప్రభావం ఎలాగూ పోతుంది. రోజూ తాగేవాళ్లకి, తిండి సరిగ్గా తిననివాళ్లకి మందు మీద పారాసెటమాల్ పడితే లివర్‌కి ముప్పు ఎక్కువ. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకుంటే కడుపులో పుండు రేగుతుంది. నిద్రమాత్రలైతే అసలు దగ్గరికే రానీయకండి. షుగర్ మందులు వాడుతుంటే తినకుండా పడుకోనివ్వొద్దు, రాత్రి షుగర్ బాగా పడిపోవచ్చు.

ఇక లేవకపోవడం. నేను క్యాజువాలిటీలో డ్యూటీ చేసిన రోజుల్లో ఒక జనవరి ఒకటిన తెల్లవారుజామున ఒకాయన్ని తెచ్చారు, గురక పెట్టి హాయిగా పడుకున్నాడని వదిలేశారట, వెల్లకిలా ఉండగా వాంతి గొంతులోకి వెళ్లింది. బతికాడు కానీ చాలా రోజులు ఐసీయూలో ఉన్నాడు. అందుకని మీ ఆయన్ని పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, వీపు వెనక దిండు పెట్టండి. భుజం పట్టి గట్టిగా కుదిపినా పలక్కపోయినా, ఊపిరి మరీ నెమ్మదిగా, ఆగి ఆగి వస్తున్నా, ఒళ్లు చల్లబడినా, పెదాలు నీలంగా మారినా, వాంతిలో రక్తం పడినా, చూపు మసకగా ఉందన్నా (కల్తీ సరుకైతే ముందు చూపే పోతుంది) వెంటనే 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.