బొమ్మలు గీసే అమ్మాయి కాలేజీ లెక్చరర్ అవుతానంటే

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ (చిత్రకళలో డిగ్రీ) చివరి సంవత్సరంలో ఉంది. ఎంఎఫ్‌ఏ (అందులోనే పీజీ) చేసి కాలేజీలో ఆర్ట్ లెక్చరర్ అవుతానంటోంది. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది, అదంతా టైమ్ వేస్ట్, ఆరు నెలల యూఐ, యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల తెరల డిజైన్) కోర్సు చేయిస్తే సాఫ్ట్‌వేర్ జీతం వస్తుందంటున్నాడు. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షన్నర ఫీజు చెప్పారు. ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టమంటున్నారు. రెండేళ్లలో పెళ్లి కూడా చేయాలి. రెండు దారుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.

జవాబు: మీ ఉత్తరంలో ఫీజు ఉంది, పెళ్లి ఉంది, బావమరిది మాట ఉంది. అమ్మాయి ఏం చేస్తుందో మాత్రం లేదండి. పెయింటింగా, శిల్పమా, ప్రింట్‌మేకింగా (అచ్చులతో బొమ్మలు ముద్రించే కళ), అప్లైడ్ ఆర్టా (ప్రకటనలు, పుస్తకాల లాంటి వాటికి చేసే డిజైన్)? ఇన్నేళ్లుగా ఫీజు కడుతున్న తండ్రికి ఇది తెలిసి ఉండాలి. ఎంఎఫ్‌ఏ ఎక్కడ చేయాలి, రేపు ఏ పోస్టుకు అప్లై చేయాలి అన్నది దాన్నిబట్టే ఉంటుంది. హైదరాబాద్‌కు ఫోన్ చేసేముందు ఒక్క సాయంత్రం తన డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి గోడలకున్న పనులు చూసి రావాల్సింది.

మీ భయం నాకు అర్థమవుతుంది. ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తూనే ఉంటాయి. ఇంజనీరింగ్ చదివితే ఏమవుతుందో కాలనీలో పదిమంది పిల్లల్ని చూసి ఉంటారు. ఆర్ట్ లెక్చరర్ ఎలా బతుకుతారో మీరు దగ్గర్నుంచి చూసి ఉండరు. తెలియని దారి కాబట్టే అది ఉద్యోగం లేని దారిలా కనిపిస్తోంది.

ముందు ఆ కోర్సు సంగతి. యూఎక్స్ చెడ్డ పని అని నేననను. ఒక యాప్‌లో మనిషి ఎక్కడ తడబడుతున్నాడో గమనించి, వాళ్లతో మాట్లాడి, తెర మీద ఏది ముందు రావాలో ఏది తర్వాత రావాలో తేల్చే పని అది. కామర్స్ చదివినవాళ్లు, సైకాలజీ చదివినవాళ్లు కూడా బాగా చేస్తారు. బొమ్మలు బాగా వేస్తుంది కాబట్టి యూఎక్స్ అనడంలోనే పొరపాటు ఉంది. మనిషి శరీరాన్ని గీయడం, రంగు కలపడం, మట్టితో పనిచేయడం ఆ ఉద్యోగంలో దాదాపు అక్కరకు రావు. ఆరు నెలల్లో ఇన్‌స్టిట్యూట్ ఎక్కువగా నేర్పేది ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లు. వాటిని బీఎఫ్‌ఏ చేసిన పిల్ల ఇంట్లో కూర్చుని నేర్చుకోగలదు. ఆ కోర్సు చేసినవాళ్లంతా దాదాపు ఒకేలాంటి ప్రాజెక్టులు పట్టుకుని ఇంటర్వ్యూలకు వెళ్తారు. పైగా కొత్తగా చేరినవాళ్లకు అప్పగించే ఐకాన్లు, బ్యానర్ల లాంటి చిల్లర పనుల్ని ఏఐ లాగేసుకుంటోంది. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అని చెప్పినవాళ్లను కిందటి బ్యాచ్ పిల్లల ఫోన్ నంబర్లు ఇవ్వమని అడగండి. వాళ్లతో మాట్లాడాకే డబ్బు సంగతి. అమ్మాయి తనంతట తాను ఈ పని ఇష్టమంటే అది వేరే మాట. మీ ఉత్తరంలో అలా ఎక్కడా లేదు.

ఇక లెక్చరర్ దారి. ఇది నిదానంగా సాగే దారి, అందులో దాపరికం లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీలో 55 శాతం మార్కులు (రిజర్వుడు వర్గాలకు 50), దాంతోపాటు నెట్ (లెక్చరర్ల జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర స్థాయిది) లేదా పీహెచ్‌డీ ఉండాలి. వృత్తి కళాకారులుగా క్రమం తప్పకుండా ప్రదర్శనలు చేసినవారికి ప్రత్యేక వెసులుబాటు ఉన్నా, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. యూజీసీ స్కేలు వర్తించే రెగ్యులర్ పోస్టులో మొదటి బేసిక్ 57,700 రూపాయలు. నెట్‌లో పై మార్కులతో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఫెలోషిప్. జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, ఆడపిల్లలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. అంటే మీరనుకున్నంత తొందరేమీ లేదు.

నెట్‌లో విజువల్ ఆర్ట్ పేపర్ దగ్గర మన పిల్లలు దెబ్బతినేది బొమ్మ రాక కాదు, చదవక. కళాచరిత్ర, సౌందర్యశాస్త్రం, ముద్రణ పద్ధతులు, లోహపు పోత అన్నీ అడుగుతారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్ల అయితే ఇప్పట్నుంచే రోజూ కొంత ఇంగ్లీషులో కళాచరిత్ర చదవాలి.

కష్టమైన కాలం ఎంఎఫ్‌ఏకూ రెగ్యులర్ పోస్టుకూ మధ్య ఉంటుంది. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చిత్రకళ సబ్జెక్టుగా ఉండటమే అరుదు. ఆంధ్రా యూనివర్సిటీ, కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, ఇలా వేళ్లమీద లెక్కపెట్టగలిగే చోట్లే ఉన్నాయి. ఖాళీలు ఎప్పుడు పడతాయో చెప్పలేం. ఈలోగా ఆర్కిటెక్చర్, ఫ్యాషన్, డిజైన్ కాలేజీల్లో డ్రాయింగ్, కలర్, బేసిక్ డిజైన్ చెప్పేవాళ్లు కావాలి. వాటిలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేరాల్సి రావచ్చు. చేరేముందు జీతం క్లాసు లెక్కనా, నెల లెక్కనా, వేసవిలో ఇస్తారా లేదా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ఆర్ట్ టీచర్ పోస్టు కూడా చిన్నదేమీ కాదు, బేసిక్ 44,900తో మొదలవుతుంది. నోటిఫికేషన్ పడితే వదలొద్దు.

ఈ ఎదురుచూపుల కాలంలో తన సొంత పని ఆగిపోయినవాళ్లే వెనకబడతారు. క్లాసులు చెప్పి అలసిపోయి బ్రష్ పట్టుకోరు, ప్రదర్శనలు ఉండవు, పోస్టు పడేసరికి చూపించడానికి ఏమీ ఉండదు. ఇది ఆపగలిగేది మీరే. ఇంట్లో ఒక గది లేదా డాబా మీద రేకుల షెడ్డు ఇవ్వండి. రంగుల వాసన గురించి ఎవరూ విసుక్కోవద్దు. ప్రతి పనికీ మంచి ఫోటో తీసి కొలత, మాధ్యమం, సంవత్సరం రాసిపెట్టమనండి. ప్రతి ప్రదర్శన కేటలాగూ, సర్టిఫికెట్టూ ఒక ఫైల్లో ఉండాలి. పెళ్లి మాట ఎత్తాల్సింది తనే, అదీ తను సిద్ధమైనప్పుడు. ఎంఎఫ్‌ఏ చేసే రెండేళ్లలో సంబంధాలు చూస్తూ ఉంటే ఆ చదువు చదువులా సాగదు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి.

వీలైతే ఎంఎఫ్‌ఏకు బయటికి పంపండి. బరోడా, శాంతినికేతన్, కనీసం హైదరాబాద్. మెదక్ ప్రాంతపు పల్లెటూరి నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ గారు బరోడాలో ప్రముఖ చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ప్రింట్‌మేకర్‌గా దేశమంతా తెలిసిన పేరు ఆయనది.

పీహెచ్‌డీ అంశం కోసం మాత్రం ఎక్కడికో పోనక్కర్లేదు. వరాహ నది ఒడ్డున కొయ్యబొమ్మలకు పేరున్న ఏటికొప్పాక ఊరు ఉంది. అంకుడు కర్ర, లక్క, సహజ రంగులతో చేసే ఆ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆ కళాకారుల భాష, ఆ పని వేగం మీ అమ్మాయికి సులువుగా అందుతాయి. ఒక ఆదివారం మీరే తీసుకెళ్లండి.

ఇంకొక్కటి తననే అడగాలి. గీయడం ఇష్టమా, నేర్పడం ఇష్టమా? చక్కగా గీసేవాళ్లలో చాలామందికి క్లాసులో నిలబడటం నచ్చదు. ఈ వేసవిలో మీ కాలనీ పిల్లలకు నెల రోజులు డ్రాయింగ్ చెప్పమనండి. మొండికేసే పిల్లాడి తప్పు గీతను ఓపిగ్గా సరిదిద్దడంలో తనకు ఆనందం కనిపిస్తే ధైర్యంగా ముందుకు వెళ్లమనండి. విసుగే మిగిలితే అప్పుడు ఇలస్ట్రేషన్, మ్యూజియం పని లాంటి వేరే దారుల గురించి మళ్లీ మాట్లాడుకుందాం. నాకు తనే రాయాలి, మీరు కాదు.

ఆ అడ్వాన్స్ మాత్రం ఈ నెల కట్టకండి. ఆ డబ్బు ఎంఎఫ్‌ఏ హాస్టల్‌కూ రంగులకూ పనికొస్తుంది.