ఆరో తరగతికి అప్పు చెయ్యకండి

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి పూర్తి చేశాడు. ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్లో ఆరో తరగతిలో చేర్చాలనుకుంటున్నాం. ఇప్పటి స్కూలు కంటే ఏడాదికి 1,20,000 రూపాయలు ఎక్కువవుతుంది. కాలనీలో వాడి తోటివాళ్లంతా చేరిపోయారు. నా జీతం 52,000. ఏటా పర్సనల్ లోన్ తీసుకుని చేర్పించాలా, ఉన్న స్కూల్లోనే ఉంచాలా? పోల్చి చెప్పండి సార్. పాప తొమ్మిదో తరగతికి వచ్చింది. - ఒక తండ్రి

జవాబు: ఏప్రిల్ వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. ఫీజు అంకె మారుతుంది గానీ 'తోటివాళ్లంతా చేరిపోయారు' అన్న మాట మారదు. మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. మీ బాబు వెనకబడలేదు. ఐఐటీ సీటు కోసం రాసే జేఈఈలో అడిగేది ఇంటర్ రెండేళ్ల పాఠాలు. వాటికి ఈ వయసులో కావలసిన పునాది భిన్నాలు, దశాంశాలు, చదివిన లెక్క ఏమడుగుతోందో తెలుసుకోవడం. ఇవన్నీ వాడి మామూలు పుస్తకాల్లోనే ఉన్నాయి.

ఫౌండేషన్ కోర్సుల మీద నాకున్న అనుమానం దాచను. నా దగ్గరికి వచ్చిన ఎనిమిదో తరగతి బాబు ఒకడు వర్గ సమీకరణం సూత్రాన్ని గడగడా అప్పజెప్పాడు. మూడింట రెండు వంతుల్లో సగమెంత అని అడిగితే పెన్ను కోసం వెతికాడు. తెలివి తక్కువవాడేం కాదు. రెండేళ్లుగా సాయంత్రం ఏడు దాకా స్టడీ అవర్సులో కూర్చుని, పై తరగతి పాఠాలు బట్టీ పట్టి, తన తరగతి పాఠాన్ని నింపాదిగా చూసుకునే టైమే దొరకలేదు వాడికి. ఇలాంటి పిల్లల్లో కొందరు ఇంటర్‌కి వచ్చేసరికే విసిగిపోయి ఉంటారు. లెక్కలంటే నిజంగా ఇష్టమున్న పిల్లలకి ఈ కోర్సులు ఉపయోగపడటమూ చూశాను. మీ ఉత్తరంలో బాబుకి ఏది ఇష్టమో ఒక్క మాటా లేదు.

ఇంకో సంగతి. కోచింగ్ సెంటర్లు 16 ఏళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలని కూడా అందులో ఉంది. స్కూలు ఫీజులోనే ఫౌండేషన్ ఫీజు కలిపేస్తే ఈ మాట అడగడం కష్టమవుతుంది. అందుకే ఎక్కడ చేర్చినా దేనికి ఎంత తీసుకుంటున్నారో రసీదు మీద విడివిడిగా రాయించుకోండి.

ఇక అప్పు లెక్క. 1,20,000 రూపాయలు 14 శాతం వడ్డీకి ఏడాదిలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 10,774. మీ జీతంలో ఐదో వంతు. పైగా ఆ అప్పు తీరేసరికి ఏడో తరగతి ఫీజు వచ్చి కూర్చుంటుంది. పది దాకా ఐదేళ్లు ఇంతే. అదే డబ్బు నెలనెలా పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తే, అదీ సరిగ్గా ఐదేళ్లే, వడ్డీ కలపకుండానే 6,46,000 దాటుతుంది. ఇంటర్ ఫీజు కట్టాల్సిన రోజుకి ఆ డబ్బు మీ చేతిలో ఉంటుంది. పైచదువులకైతే బ్యాంకులు విద్యారుణం ఇస్తాయి, చాలా బ్యాంకుల్లో 7.5 లక్షల దాకా తాకట్టు అడగరు, చదువు అయ్యాక కొంత గడువు ఇచ్చి వాయిదాలు మొదలుపెడతారు. ఆరో తరగతి అప్పుకి ఆ వెసులుబాటు ఎవరూ ఇవ్వరు, వచ్చే నెల నుంచే కట్టాలి.

నెలకు పదివేలూ మిగలట్లేదు అంటారేమో. అయితే ఈఎంఐ ఎక్కడి నుంచి కడదామనుకున్నారు? ఐదు వేలతో అయినా మొదలుపెట్టండి. దాంతోపాటు నిరుటి స్కూలు రసీదులన్నీ ముందేసుకుని కూర్చోండి. నా ముందు ఒక అమ్మ కవరు నిండా రసీదులు పరిచి కూడితే ట్యూషన్ ఫీజు కాక బస్సు, బూట్లు, నోట్‌బుక్కులు, వార్షికోత్సవం డ్రెస్సు కలిపి 31,000 తేలింది. వాటిని ఆమె ఏనాడూ స్కూలు ఖర్చులో రాసుకోలేదు. మీ ఇద్దరు పిల్లల మొత్తాన్ని పన్నెండుతో భాగించి, జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి. జూన్‌లో చేబదులు కోసం ఎవర్నీ అడగక్కర్లేదు.

చివరిగా ఒక మాట గట్టిగా అంటాను, ఏమీ అనుకోకండి. ఉత్తరమంతా బాబు గురించి రాశారు. పాపకి ఆఖర్న ఒక్క వాక్యం మిగిలింది. రెండేళ్లలో ఇంటర్‌లో చేరేది ఆ అమ్మాయి. మీ ఇంట్లో ముందుగా పెద్ద ఫీజు కట్టాల్సింది తనకే. తమ్ముడి స్కూలు ఫీజు ఈఎంఐ నడుస్తుండగా తన గ్రూపు ఎంచుకోవాల్సిన రోజొస్తే, 'ఖర్చు తక్కువున్నదే తీసుకుంటాలే నాన్నా' అని తనే అనేస్తుంది. అలా అన్న ఆడపిల్లలు నా ఎదుట కూర్చున్నారు. తల్లిదండ్రులకి అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

ఈ వారంలో తీరిగ్గా కూర్చోబెట్టుకుని, ఇంటర్‌లో ఏం తీసుకోవాలని ఉందో పాపని అడగండి. ఏం చెప్పిందో నాకు రాయండి. ఆ ఖర్చు ముందు వేసుకుని, మిగిలినదాంట్లో బాబు సంగతి చూద్దాం.