ర్యాప్ పాటలతో ఆరోగ్య పాఠాలు: మన వరంగల్‌లో కుదురుతుందా?

హిప్-హాప్‌తో, అంటే బీట్ మీద మాటలు దంచే ర్యాప్ పాటలతో, పిల్లలకు ఆరోగ్యం, చదువు ఎక్కుతాయా అని అడిగారు. ఎక్కుతాయి, పాట బాగుంటేనే.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఒలాజిడే విలియమ్స్ అనే నరాల డాక్టర్, ర్యాపర్ డగ్ ఈ ఫ్రెష్‌తో కలిసి బడి పిల్లలకు పక్షవాతం లక్షణాలను పాటగా నేర్పారు. మూతి వంకర పోతోందా, చెయ్యి లేవట్లేదా, మాట తడబడుతోందా? వెంటనే ఫోన్ చెయ్యి, అంతే. ఇంట్లో తాతకో నానమ్మకో అలా అయితే చాలాసార్లు పక్కన ఉండేది పిల్లలే కదా. తొందర ఎందుకంటే, మెదడుకు రక్తం అందకుండా అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి.

మనకిది పరాయిదేం కాదు. కొమురవెల్లి మల్లన్న జాతరలో ఒగ్గు కథ చూడండి. కథకుడు ఒక మాట అనగానే పక్కవాళ్లు అందుకుంటారు, డోలు దరువేస్తుంది. ర్యాపర్, డీజే చేసేదీ దాదాపు అదే.

హన్మకొండ బడిలో అయితే 108 నంబర్‌నే దరువులో ఇరికించి, పాటను పిల్లల చేతే, వాళ్ల యాసలోనే రాయించాలి. రాయాలంటే విషయం చదవక తప్పదు, చదువుకు లాభం అక్కడే. పెద్దవాళ్లు రాసిచ్చిన నీతిపాటకు బీట్ తగిలిస్తే మాత్రం పిల్లలు నవ్వి ఊరుకుంటారు.