కూర్చుని చేయగల సేవ

ప్రశ్న: బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి ఇటీవలే పదవీ విరమణ పొందాను. నలుగురికీ ఉపయోగపడాలని ఉన్నా, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువసేపు నిలబడలేను. నాకు తగిన సేవ ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మన ప్రాంతంలో సేవ అనగానే తిరుమలలో 2000 సంవత్సరంలో మొదలైన శ్రీవారి సేవే ముందుగా గుర్తుకు వస్తుంది. అయితే క్యూలైన్ల వద్ద గంటల తరబడి నిలబడవలసిన పని మీ మోకాళ్లకు తగినది కాదు. మీ బ్యాంకు అనుభవం అంతకంటే అవసరమైన చోటు మీ వీధిలోనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో, 80 ఏళ్లు నిండినవారైతే అక్టోబరు నుంచే, తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం సమర్పించాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ విధానంలో దీనిని వేలిముద్రతోనూ, 2021 నుంచి ఫోనులో ముఖ గుర్తింపుతోనూ పూర్తి చేయవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దలకు ఈ రెండో పద్ధతి ఎంతో మేలు చేసింది గాని, ఆధార్ సంఖ్య, పింఛను చెల్లింపు ఉత్తర్వు సంఖ్య, ఖాతా వివరాలు తప్పు లేకుండా నింపే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ మనిషి మీరే కావచ్చు. మీకు చెప్పనక్కరలేదు గాని, ఎవరి పాస్‌బుక్కూ మీ ఇంట్లో ఉంచుకోకండి. ఓటీపీని వారి చేతనే, వారి ఫోనులోనే నమోదు చేయించండి.