ఖర్చు తెచ్చిపెట్టే నిబంధనలకు చట్టసభ ఆమోదం తప్పనిసరి చేయాలా?

చేయాలనే అంటాను. అధికారులు తెచ్చిన నిబంధనను త్వరగా కొట్టేసే ప్రత్యేక దారి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు 1996 చట్టంతోనే వచ్చింది. ఏటా 10 కోట్ల డాలర్ల ప్రభావం చూపే వాటికి ముందే ఆమోదం ఉండాలన్న రీన్స్ బిల్లు మాత్రం దిగువ సభ దాటుతుంది, సెనేట్‌లో ఆగుతుంది. మన దగ్గరా ఏర్పాటుంది. 2006 ఆహార భద్రత చట్టం కింద చేసే నిబంధనలను పార్లమెంటు ముందు 30 రోజులు పెట్టాలి, ఉభయ సభలూ ఒప్పుకుంటే రద్దు చేయొచ్చు. తెరిచి చూసేదెవరు?

తిరుపతిలో మా బావకు స్వీట్ల అంగడి ఉంది, లెక్కలు నేను చూస్తాను. విడిగా అమ్మే స్వీట్లకు కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర ఆహార భద్రత సంస్థ (FSSAI) ఆర్డర్. అసలే కరోనాతో బేరాల్లేవు. దసరా ముందు ఒక అధికారి వచ్చి, ట్రేల వంక చూసి, “కార్డులేవి? ఆర్డర్ వచ్చింది కదా” అన్నాడు.

“యాడికొచ్చింది సార్? మా అంగడికైతే రాలా” అన్నాడు బావ. ఆయన నవ్వలేదు.

ఆ రాత్రి పాత పెళ్లిపత్రికల వెనక స్కెచ్ పెన్నుతో తేదీలు రాశాం. పొద్దున ఒక పెద్దావిడ పాలకోవా మీద 20-10 అని చూసి, “ఇరవైకి పదా నాయనా?” అని సంబరంగా సంచి తెరిచింది. సాయంత్రానికి మైసూర్‌పాకు నెయ్యి తగిలి అంకెలు అలుక్కుపోయాయి. మళ్లీ రాయాలి. పొయ్యి దగ్గర ఉండాల్సిన కుర్రాడు కార్డులు పట్టుకుని కూర్చున్నాడు. పెద్ద కంపెనీకైతే ఆ పని మిషన్ చేస్తుంది.

తేదీ వద్దనను, పాలకోవాకు ఉండాల్సిందే. కానీ అది వచ్చింది చట్టం కింద చేసే నిబంధనగా కాదు, ఆ సంస్థ ఇచ్చే ఆర్డర్‌గా. దానికి ఆ 30 రోజుల లెక్క కూడా లేదు. రేపు అమెరికా బిల్లు లాంటిది ఇక్కడ తెచ్చినా, ఖరీదైనవన్నీ ఆర్డర్ల పేరుతోనే దిగుతాయి, చూడండి.

పోనీ నాయకులకు చెప్పుకుందామా? మా ఊళ్లో వాళ్ల ఇంటి ముందు జనమంతా బ్రేక్ దర్శనం సిఫార్సు లెటర్ల కోసమే. స్వీట్ల ట్రే గురించి మాట్లాడితే పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు.

కాబట్టి ఆర్డర్లను కూడా సభ ముందు పెట్టించాలి. చిన్న అంగడికి నెలకు ఎంత ఖర్చో పక్కనే రాయించాలి, తెలుగులో.